దేవుడి గురించి తెలుసు... మరి దేవుణ్ణి ఎరుగుదుమా?

 

ఈ రోజు ఎపిసోడ్ లో ఒకే ఒక్క ప్రశ్న. దేవుడు మీకు తెలుసా? "ఆ, తెలుసు" అంటారు చాలామంది. సరే, నేను మాట కొంచెం మార్చి అడుగుతా. దేవుణ్ణి మీరు ఎరుగుదురా?

రెండూ ఒకటే కదా అనిపిస్తుంది. కాదు. మా గుంటూరు వైపు పెద్దవాళ్లు "ఆయన నాకు బాగా ఎరిగిన మనిషే" అంటారు. వినే ఉంటారు. ఒక మినిస్టర్ గారి పేరు, శాఖ, ఊరు, గెలిచిన మెజారిటీ, అన్నీ మనకి తెలుసు. కానీ ఆయన మనకి ఎరిగిన మనిషి కాదు. అదే మన వీధిలో పాలు పోసే ఆయన ఇంటిపేరు కూడా మనకి తెలియకపోవచ్చు. కానీ ఎరిగిన మనిషే. ఒక రోజు ఆయన రాకపోతే ఏమైందో అని కనుక్కుంటాం. తెలియడానికి సమాచారం చాలు. ఎరగడానికి సమాచారం చాలదు, ఆ మనిషితో సంబంధం ఉండాలి.

ఇప్పుడు బైబిల్ లో యోహాను మొదటి పత్రిక 4వ అధ్యాయం 8వ వచనం తీయండి. ఫోన్ లో యాప్ ఉంటే అందులోనే చూడండి. అక్కడ ఏం చెప్తున్నాడంటే, ప్రేమించని మనిషి దేవుణ్ణి ఎరగడు, ఎందుకంటే దేవుడే ప్రేమ అని. ఆ చోట మన తెలుగు బైబిల్ వాడిన మాట కూడా ఎరుగు అనేదే. గ్రీకులో ఆ క్రియ గినోస్కో. పాత నిబంధనలో హీబ్రూ మాట యాదా. ఆ యాదా అనే మాటనే భార్యాభర్తల దగ్గరితనానికీ వాడారు, మనిషి దేవుణ్ణి ఎరగడానికీ వాడారు. అంటే బైబిల్ భాషలో దేవుణ్ణి తెలుసుకోవడం పరీక్షకి చదివినట్టు కాదు.

గమనించండి, చదవనివాడు ఎరగడు అనలేదు. వాదనలో ఓడిపోయినవాడు ఎరగడు అనలేదు. ప్రేమించనివాడు ఎరగడు అన్నాడు. ఈ మాట నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. ఎందుకో చెప్తాను.

నేను హైదరాబాద్ లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేసే రోజుల్లో రాత్రి పన్నెండు దాకా డిబేట్ వీడియోలు చూసేవాణ్ణి. దేవుడు ఉన్నాడా లేడా, లోకంలో ఇంత బాధ ఎందుకుంది, ఇవే. తోమా అక్వినాస్ చెప్పిన ఐదు వాదనలు వరసగా చెప్పగలను. ఆఫీస్ క్యాంటీన్ లో ఒక కొలీగ్ ఉండేవాడు, దేవుణ్ణి నమ్మడు. వాడితో రోజూ వాదనే. ఎక్కువసార్లు నేనే గెలిచేవాణ్ణి, కనీసం నా లెక్కలో. ఒక రోజు వాడు టీ తాగుతూ మామూలుగా అడిగాడు: "సరే రా, నువ్వు చెప్పిందే నిజం అనుకుందాం. దానివల్ల నువ్వు ఎవరితో ఎలా ఉంటావు అన్నది ఏమన్నా మారిందా?"

నా దగ్గర జవాబు లేదు. లేకపోవడమే కాదు, వెంటనే నాకు ఒక మనిషి మొహం గుర్తొచ్చింది. మా బాబాయి.

ఆ కథకి వస్తాను. ముందు ఇంకొకాయన కథ వినండి, ఎందుకంటే ఇలాంటి ప్రశ్న ఆయనకీ ఎదురైంది, నాకంటే దాదాపు 200 సంవత్సరాల ముందు.

ఆయన పేరు ఫ్రెడరిక్ ఓజనామ్. పారిస్ లో స్టూడెంట్. అక్కడ స్టూడెంట్లు కలిసి డిబేట్లు పెట్టుకునేవాళ్లు. ఓజనామ్ విశ్వాసం వైపు నిలబడి గట్టిగా మాట్లాడేవాడు. ఒకసారి అవతలి వైపు వాళ్లు అడిగారు: మీ సంఘం ఒకప్పుడు గొప్ప పనులు చేసి ఉండొచ్చు, ఇప్పుడు ఈ ఊళ్లో పేదవాళ్ల కోసం మీరేం చేస్తున్నారు? ఓజనామ్ దీనికి ఇంకో స్పీచ్ తయారు చేసుకోలేదు. 1833లో, 20 ఏళ్ల వయసులో, కొంతమంది స్నేహితులతో కలిసి పేదవాళ్ల ఇళ్లకి వెళ్లడం మొదలుపెట్టాడు. ఎలా వెళ్లాలి, ఎలా మాట్లాడాలి అనేది వీళ్లకి నేర్పింది సిస్టర్ రోజలీ రెందు అనే మఠకన్య. ఆవిడ అప్పటికే ఆ పేటల్లో ఏళ్ల తరబడి సేవ చేస్తోంది.

అదే సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ. మీది కతోలిక గుడి అయితే, మీ విచారణలో కూడా ఈ సంఘం ఉండొచ్చు, కనుక్కోండి. ఆదివారం పూజ అయ్యాక నలుగురు పెద్దవాళ్లు ఒక మూల కూర్చుని, ఈ వారం ఎవరింటికి వెళ్లాలి, ఎవరికి బియ్యం ఇవ్వాలి, ఎవరికి మందులు కొనాలి అని మాట్లాడుకుంటుంటారు చూడండి, వాళ్లే. అది ఒక డిబేట్ లో అడిగిన ప్రశ్న నుంచి పుట్టింది అంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఓజనామ్ ని 1997లో పోప్ జాన్ పాల్ 2 పారిస్ లోనే ధన్యుడిగా ప్రకటించారు.

ఆయన చదువు మానేశాడనుకోకండి. తర్వాత ప్రొఫెసర్ అయ్యాడు, పుస్తకాలు రాశాడు. అంటే ఆలోచించడం తప్పు కాదు. ఆలోచన ఒక్కటే చాలు అనుకోవడం తప్పు.

సరే, ఇప్పుడు బైబిల్ కి వద్దాం. ప్రేమించడమే ఎరగడం అనే మాట కొత్త నిబంధనలో హఠాత్తుగా వచ్చింది కాదు. యిర్మీయా 22వ అధ్యాయం చూడండి. యూదా రాజు యెహోయాకీము పెద్ద పెద్ద కిటికీలతో, దేవదారు చెక్కతో కొత్త రాజభవనం కట్టుకుంటున్నాడు. పనివాళ్లకి కూలి ఇవ్వడం లేదు. యిర్మీయా ప్రవక్త ముఖం మీదే అడుగుతాడు: దేవదారు ఎక్కువ ఉంటే రాజువైపోతావా? మీ నాన్న యోషీయా కూడా తిన్నాడు, తాగాడు, కానీ న్యాయంగా ఉన్నాడు, పేదవాడి పక్షాన తీర్పు చెప్పాడు. ఆ తర్వాత దేవుడి మాటగా ఒక ప్రశ్న వేస్తాడు. నన్ను ఎరగడం అంటే అదే కదా అని.

ఇది 16వ వచనం. దేవుణ్ణి ఎరిగినందువల్ల పేదవాడికి న్యాయం చేశాడు అనలేదు. పేదవాడికి న్యాయం చేయడమే దేవుణ్ణి ఎరగడం అన్నాడు. కూలి డబ్బులు ఎగ్గొట్టే మనిషికి ఎంత వేదాంతం తెలిసినా ఆయన లెక్కలోకి రాదు.

ఇంకొకటి చూడండి, ఇది నాకు చాలా ఇష్టం. యోహాను సువార్త 1:18లో, దేవుణ్ణి ఎవరూ ఎప్పుడూ చూడలేదు అని మొదలుపెట్టి, కుమారుడే ఆయన్ని తెలియజేశాడు అంటాడు. యోహాను మొదటి పత్రిక 4:12లో కూడా అలాగే మొదలవుతుంది, దేవుణ్ణి ఎవరూ ఎప్పుడూ చూడలేదు అని. కానీ తర్వాత ఏమంటాడు? మనం ఒకరినొకరం ప్రేమిస్తే దేవుడు మనలో ఉంటాడు అంటాడు. సువార్తలో యేసు గురించి చెప్పిన చోట, పత్రికలో మన మధ్య ఉండే ప్రేమని పెట్టాడు. కనిపించని దేవుడు ఒకప్పుడు యేసులో కనిపించాడు. ఇప్పుడు ఎక్కడ కనిపించాలి? మన మధ్యే. ఎంత పెద్ద బాధ్యతో చూడండి.

ఈ పత్రిక ఎవరికి రాశారో తెలిస్తే ఇంకా అర్థమవుతుంది. 2:19 చదివితే తెలుస్తుంది, ఆ సంఘం చీలిపోయింది. కొంతమంది బయటికి వెళ్లిపోయారు. నిన్నటి దాకా ఒకే చోట ప్రార్థన చేసినవాళ్లు విడిపోయారు. అలాంటి గాయం మీద ఉన్నవాళ్లకి ఆయన ప్రేమ గురించి రాస్తున్నాడు. గ్రీటింగ్ కార్డు మీద రాసే ప్రేమ కాదు ఇది.

ఆ తర్వాత దాదాపు 300 ఏళ్లకి, ఉత్తర ఆఫ్రికాలో హిప్పో అనే ఊళ్లో, ఇప్పటి అల్జీరియా దేశం అది, పునీత అగస్టీన్ బిషప్ గా ఉన్నారు. 407 ప్రాంతంలో ఈ పత్రిక మీద పది ప్రసంగాలు చేశారు. అప్పుడు కూడా అక్కడ సంఘం రెండు ముక్కలై ఉంది. డోనాటిస్టులు అని ఒక వర్గం విడిపోయి, మాదే అసలైన సంఘం అంటోంది. ఒకే ప్రాంతంలో రెండు గుళ్లు, ఇద్దరు బిషప్పులు. మనకి కొత్త కాదు కదా ఇది! అగస్టీన్ చెప్పిన దాని సారాంశం ఏంటంటే, సిద్ధాంతం సరిగ్గా అప్పజెప్పడం చాలదు, మంత్రంలా యేసు పేరు పలకడం చాలదు, తోటివాడితో తెగతెంపులు చేసుకుని దేవుణ్ణి ప్రేమిస్తున్నాను అంటే కుదరదు అని.

ఇక్కడ నాకు మళ్లీ మా బాబాయి గుర్తొచ్చాడు. ఇప్పుడు చెప్పేస్తాను.

మా తాతయ్య పోయాక ఇంటి స్థలం మా నాన్నకీ బాబాయికీ పంచారు. బాబాయి మధ్యలో గోడ కట్టాడు. ఆ గోడ రెండు అడుగులు మా వైపు జరిగింది అని నాన్న, లేదు అని బాబాయి. కేసు కోర్టులో ఉంది. ఆరేళ్లు మాటల్లేవు. ఇద్దరూ వెళ్లేది ఒకే గుడికి. మా ఊరి గుళ్లో మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు కూర్చుంటారు. నాన్న ముందు వరసలో, బాబాయి వెనక గుమ్మం దగ్గర.

పూజలో పరలోక జపం అయ్యాక, సత్ప్రసాదం తీసుకునే ముందు, ఫాదర్ గారు ఒకరికొకరు సమాధానం చెప్పుకోండి అంటారు. అందరూ చేతులు జోడించి చుట్టుపక్కల వాళ్ల వైపు తిరుగుతారు. నాన్న కుడివైపు తిరుగుతాడు, ఎడమవైపు తిరుగుతాడు. వెనక్కి తిరగడు. నేను కూడా అంతే. సెలవుల్లో ఊరెళ్లిన ప్రతిసారీ, చాలా జాగ్రత్తగా, వెనక్కి మాత్రం చూడకుండా సమాధానం చెప్పేవాణ్ణి. ఆ వెంటనే లైన్ లో నిలబడి సత్ప్రసాదం తీసుకునేవాణ్ణి. మత్తయి 5వ అధ్యాయంలో యేసు చెప్పింది నాకు కంఠతా వచ్చు. నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే కానుకని బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు వెళ్లి సమాధానపడు అని. వచ్చు, అంతే.

ఆ క్యాంటీన్ ప్రశ్న తర్వాత, తపస్సుకాలంలో ఊరెళ్లాను. ఒక సాయంత్రం బాబాయి ఇంటికి వెళ్లాను. అబద్ధం ఎందుకు, గేటు దగ్గర నిలబడి రెండుసార్లు వెనక్కి వచ్చేద్దామనుకున్నాను. పిన్ని బయటికొచ్చి చూసింది. ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత, "తిన్నావా?" అంది. అంతే, గోడ గురించి ఎవరూ ఎత్తలేదు.

బాబాయి అప్పుడు ఇంట్లో లేడు. ఎక్కడికెళ్లాడు అంటే, మా ఊళ్లో ముసలి ఉపదేశి గారు ఉన్నారు, కళ్లు సరిగ్గా కనపడవు, ఆయన్ని బండి మీద హాస్పిటల్ కి తీసుకెళ్లాడట. "వారం వారం గుడికి కూడా మీ బాబాయే తీసుకొస్తాడుగా, నువ్వు చూడలేదా?" అంది పిన్ని.

నేను చూడలేదు ఫ్రెండ్స్. ఆరేళ్లు ఒకే గుళ్లో ఉండి చూడలేదు. బాబాయి వెనక గుమ్మం దగ్గర కూర్చునేది మా మీద కోపంతో అనుకున్నాను. ఉపదేశి గారు మెట్లు ఎక్కలేరు, గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుంటారు. ఆయన పక్కన కూర్చుంటున్నాడు.

బాబాయి గురించి నాకు ఒక విషయం తెలుసు, రెండు అడుగుల గోడ. బహుశా అది నిజమే కూడా. కానీ ఆయన్ని నేను ఎరగను. దగ్గరికి వెళ్లాకే తెలిసింది. తెలుసుకున్నాక ప్రేమిద్దాం అని కూర్చుంటే కొన్ని విషయాలు ఎప్పటికీ తెలియవు. మనిషి విషయంలోనే ఇలా ఉంటే, దేవుడి విషయంలో మాత్రం దూరంగా కూర్చుని లాజిక్ తో తేల్చేద్దాం అనుకున్నాను చూడండి!

యోహాను మొదటి పత్రిక 4:20లో చెప్పింది ఇదే. కళ్లెదురుగా ఉన్న సహోదరుణ్ణి ప్రేమించలేనివాడు, కనిపించని దేవుణ్ణి ప్రేమించలేడు అంటాడు.

అందుకే నాకు విచారణ అంటే, పారిష్ అంటే, ఇప్పుడు వేరేగా అర్థమవుతోంది. మన ఫోన్ చూడండి. మనకి నచ్చినవాళ్లనే చూపిస్తుంది. నచ్చకపోతే మ్యూట్, బ్లాక్. గుళ్లో బ్లాక్ బటన్ లేదు. పక్కన ఎవరు కూర్చోవాలో మనం సెలెక్ట్ చేసుకోం. పాట శ్రుతి తప్పే అన్న ఉంటాడు, అందరి సంగతులూ అడిగే ఆంటీ ఉంటుంది, అప్పు తిరిగివ్వని వాడు ఉంటాడు, వేరే కులం అని మన పెద్దవాళ్లు దూరం పెట్టిన కుటుంబం ఉంటుంది. అవును, మన సంఘాల్లో కులం ఉంది, దాచి లాభం లేదు. పెళ్లి సంబంధాల దగ్గర బయటపడుతుంది, కొన్ని చోట్ల సమాధుల దగ్గర కూడా. యోహాను మాట నిజమైతే, అది మన సామాజిక సమస్య మాత్రమే కాదు, మనం దేవుణ్ణి ఎరగకపోవడానికి కారణం కూడా.

మా నాయనమ్మ బడికి వెళ్లలేదు. కానీ అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది. నెలాఖరుకి ఆ డబ్బా గుడికి వెళ్లేది, అక్కడి నుంచి లేనివాళ్లకి. అక్వినాస్ వాదనలు ఆవిడకి ఒక్కటీ రావు. మా ఇద్దరిలో దేవుణ్ణి ఎరిగింది ఎవరు అంటే నాకు డౌట్ లేదు.

ఇప్పుడు మీకు రావాల్సిన డౌట్లు కొన్ని.

ఒకటి, "నాకు ఏ ఫీలింగూ రావడం లేదు బ్రో" అంటారు. చిన్న తెరేజమ్మ గురించి వినండి. ఫ్రాన్స్ లో లిసియూ అనే ఊరి మఠంలో 1888లో 15 ఏళ్లకే చేరింది. 24 ఏళ్లకి, 1897లో, క్షయతో చనిపోయింది. ఆ మఠంలో ఒక సిస్టర్ అంటే ఆమెకి అస్సలు పడేది కాదు. ఆ విషయం ఆమే రాసుకుంది. అయినా ఆ సిస్టర్ కనిపించినప్పుడల్లా నవ్వేది, సాయం చేసేది, ఆమె కోసం ప్రార్థించేది. చివరికి ఆ సిస్టరే, నాలో ఏం చూసి నీకు ఇంత ఇష్టం అని అడిగింది. ఇంకా విచిత్రం, ఆఖరి ఏడాదిన్నర తెరేజమ్మకి పరలోకం ఉందన్న ఫీలింగే పోయింది, అంతా చీకటి. అయినా ప్రేమించడం మానలేదు. అలాంటి ఆమెని 1997లో సంఘం తన వేదపండితుల వరసలో చేర్చింది. ఫీలింగ్ వస్తే మంచిదే. రాకపోయినా ప్రేమించవచ్చు.

రెండు, ప్రేమ అంటే అన్నీ భరించడమా? కాదు. ఇంట్లో కొట్టేవాళ్లు, వేధించేవాళ్లు ఉంటే, గుళ్లోనే ఎవరైనా తప్పుగా ప్రవర్తిస్తే, దాన్ని భరించమని ఈ వచనాన్ని ఎవరూ వాడకూడదు. దూరంగా వెళ్లండి, నమ్మకమైన వాళ్లకి చెప్పండి, కంప్లైంట్ చేయండి. యిర్మీయా కూలి ఎగ్గొట్టిన రాజుని ముద్దు చేయలేదు, నిలదీశాడు. న్యాయం అడగడం కూడా ప్రేమలో భాగమే.

మూడు, మరి గుడికి రానివాళ్ల సంగతి? మత్తయి 25లో ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టినవాళ్లు, ప్రభువా నిన్ను ఎప్పుడు చూశాం అని అడుగుతారు. వాళ్లకి ఆయనే అని తెలియదు. కాబట్టి ప్రేమగా బతికే హిందూ ఫ్రెండ్ ని, ముస్లిం ఫ్రెండ్ ని, నాకు ఆ ప్రశ్న వేసిన నాస్తిక కొలీగ్ ని చూసి, వీళ్లకి దేవుడు తెలియదు అని తేల్చేసే తొందర నాకు లేదు.

నాలుగు, ముఖ్యమైనది. ప్రేమించి ప్రేమించి మనం దేవుడి దగ్గరికి చేరుకుంటాం అని కాదు. ముందు ప్రేమించింది ఆయన, మనం కాదు. అదే అధ్యాయం 10, 19 వచనాలు. మనది జవాబు మాత్రమే. ఇది మర్చిపోతే ప్రేమ కూడా ఒక టార్గెట్ అయిపోతుంది, అప్రైజల్ లాగా.

మా ఇంటి సంగతి ఏమైంది అంటారా? గోడ అక్కడే ఉంది. కేసు నడుస్తూనే ఉంది. నాన్నా బాబాయీ ఇంకా మాట్లాడుకోవడం లేదు. నేను అటు వెళ్లానని నాన్న రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. సినిమా ఎండింగ్ ఏం లేదు. కానీ ఆ ఈస్టర్ పూజలో సమాధానం చెప్పుకోండి అన్నప్పుడు నేను వెనక్కి తిరిగాను. ఉపదేశి గారికి చేతులు జోడించాను, పక్కనున్న బాబాయికి జోడించాను. ఆయన తల ఊపాడు. తర్వాత సత్ప్రసాదం లైన్ లో నిలబడినప్పుడు, చాలా ఏళ్ల తర్వాత, నేను ఎవరి ముందు నిలబడ్డానో నాకు కొంచెం ఎరుకైనట్టు అనిపించింది. దాన్ని డిబేట్ లో ప్రూవ్ చేయలేను. చెప్పగలను, అంతే.

కాబట్టి ఈ ఆదివారానికి ఒక చిన్న పని. కతోలిక గుడి కావచ్చు, సీఎస్ఐ కావచ్చు, మీ ఊరి ప్రార్థన మందిరం కావచ్చు. మీరు చూడకుండా తప్పించుకునే మనిషి ఒకరు ఉంటారు కదా, వాళ్లు ఎక్కడ కూర్చుంటారో చూడండి. ఎందుకు అక్కడ కూర్చుంటారో కనుక్కోండి. అంతవరకు చేసినా చాలు, మిగతాది తర్వాత.